కప్పు వేసిన కొయ్యవంతెన



వంతెన యనగానే మన మనస్సున మెదలునది ఆకాశమునకు తెరచియున్న బాట. ఇరుప్రక్కల పిట్టగోడలు, అడుగున నీరు, నెత్తిమీద ఎండ, ఇంతే దాని స్వరూపము. అట్టి బాటకు ఇరువైపుల నిలువెత్తు పలకగోడలు కట్టి, ఆ గోడలపై వాసములు పరచి, ఏటవాలు కప్పు వేసి, ఈవలి గట్టున నొక ద్వారమును ఆవలి గట్టున నొక ద్వారమును మాత్రమే విడిచిన కొయ్యవంతెనలు అమెరికా సంయుక్తరాష్ట్రములందు, అందును తూర్పుప్రాంతపు పల్లెపట్టులందు, నేటికిని వందలకొలది నిలిచియున్నవి. వానిలో నొకదాని చరిత్రము నాధారముగా గొని, పాతకట్టడములు నిలుచుటకును కూలుటకును గల కారణములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశము.

ఆ వంతెన కనెక్టికట్ నదిపై నున్నది. నదికి తూర్పుగట్టున న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి కార్నిష్ అను పల్లె. పడమటిగట్టున వెర్మాంట్ రాష్ట్రమందలి విండ్‌సర్ అను చిన్నయూరు. ఈ రెంటిని కలుపుచు 1866వ సంవత్సరమున కట్టబడినది గావున దానికి కార్నిష్-విండ్‌సర్ వంతెన యని పేరు వచ్చెను. పొడవు సుమారు 449 అడుగులు, వెడల్పు 24 అడుగులు. నది నడుమ నొక్కటే రాతిస్తంభము; దానికి ఇరువైపుల రెండు ఖానాలు, ఒక్కొక్కటి 200 అడుగులకు మించినది. రెండు ఖానాల కప్పువంతెనలలో ప్రపంచమున నింతకంటె పొడవైనది లేదు. దాని తూర్పుద్వారమున నిలిచి చూచిన వానికి పడమట ఆస్కట్నీ పర్వతము, క్రింద మెల్లగ కదలు నది, ఎదుట చీకటి నిండిన కొయ్యసొరంగము గోచరించును.

చూచినవాని కెల్ల మొదట తోచు ప్రశ్న, ఈ కప్పు ఎవరికొరకు అనునది. వానకు తడియకుండ బాటసారులకొరకు వేసిరని కొందరు చెప్పుదురు. నీటిని చూచి గుఱ్ఱములు బెదరుననియు, గోడలు కట్టినచో అవి తమ సాల యనుకొని నిర్భయముగ నడచుననియు మరికొందరు చెప్పుదురు. మంచు బరువునకు వంతెన విరుగకుండుటకని యొక వాదము కలదు. ప్రేయసీప్రియుల యేకాంతమునకని ఛలోక్తిగా చెప్పువారును లేకపోలేదు. వీనిలో నేదియు మూలకారణము కాదు. కప్పు కలపకొరకు, మనుష్యునకును గుఱ్ఱమునకును దొరకిన నీడ అనుషంగిక లాభము మాత్రమే.

కొయ్య నిరంతరము పొడిగ నున్నను చెడదు, నిరంతరము నీట మునిగియున్నను త్వరగా చెడదు. తడియుచు ఆరుచు, ఆరుచు తడియుచు నుండుటయే దానికి మృత్యువు. తేమ నిలిచినచోట బూజు పుట్టును, బూజు పుట్టినచోట కొయ్య మెత్తబడును. వంతెన చట్రములో దూలమును దూలమును కలియు కీళ్ళు, చీలలు దిగగొట్టిన రంధ్రములు నీటికి ప్రీతిపాత్రమైన తావులు. భారమంతయు ఆ కీళ్ళమీదనే యుండును గావున ముందుగా కుళ్ళునవి అవియే, కుళ్ళినచో వంతెనను కూల్చునవియు నవియే. కప్పు లేని కొయ్యవంతెన పదిపదునైదేండ్లు నిలిచినచో గొప్ప. కప్పు గలది నూరేండ్లు దాటుట వింత కాదు. మన దేవాలయములయందు ఏడాది కొకమారు వీధి కెక్కు రథమునకు తక్కిన దినములందు నీడ కల్పించి, రేకులో తాటాకులో కప్పి కాపాడుట మన మెరిగినదే. ఆ కొయ్యవంతెనలకు కప్పు వేసిన వడ్రంగుల తలంపును ఇట్టిదే.

ఈ కప్పు, ఈ ప్రక్కపలకలు చవుకగా దొరకు సన్నని కొయ్యతో చేయబడినవి. ఎండను వానను అవి సహించి, తాము శిథిలమై, లోపలి పెద్దదూలములను రక్షించును. నలుబది యేబదియేండ్లకు పలకలు మార్చుట స్వల్పవ్యయము. దూలము మార్చవలసివచ్చినచో వంతెననే విప్పవలెను. అల్పమైనదానిని అప్పుడప్పుడు వ్యయపరచి అమూల్యమైనదానిని నిలుపుకొను ఈ యర్థశాస్త్రము పల్లెవడ్రంగుల కనుభవముననే యలవడినది. ఇందొక విచిత్రము కలదు. శీతకాలమున ఆ దేశపు బాటలపై మంచు పేరుకొనగా జనులు చక్రములు లేని జారుడుబండ్లు వాడెడివారు. బయటి బాటపై సులభముగ జారు బండి, కప్పు క్రింద పొడిగానున్న పలకలపైకి రాగానే కదలక మొరాయించెడిది. అందుచేత మంచును పారలతో తెచ్చి వంతెన లోపల పరచుటకు కూలి యిచ్చి మనుష్యులను నియమించెడివారు. మంచునుండి కాపాడుటకు కప్పు వేసినదే నిజమైనచో, మంచును చేజేతుల లోపలికి మోయవలసిన యవసర మేమి?

ఈ పద్ధతికి అమెరికాలో నాందియైనది ఫిలడెల్ఫియా నగరమున స్కూల్‌కిల్ నదిపై 1805లో ముగిసిన పెద్దవంతెన. దాని నిర్మాత టిమతీ పామర్. కప్పు వేయవలెనను పట్టుదల ముఖ్యముగా వంతెన సంఘాధ్యక్షుడైన న్యాయమూర్తి రిచర్డ్ పీటర్స్‌ది. పామర్ ఆ సూచనను మనసార బలపరచెను. కప్పువేసిన వంతెన దీర్ఘకాలము నిలిచినచో కొత్తవంతెనలు కట్టు తనబోటివారికి పని తగ్గునని యెరిగియు బలపరచెను. ఇది యొక శిల్పి తన వృత్తిలాభమునకంటె తన శిల్పమునకు హెచ్చు విలువ నిచ్చిన సందర్భముగా గణింపదగినది. అది మొదలు ఒక శతాబ్దకాలము ఆ దేశమున పండ్రెండు పదునాలుగు వేల కప్పువంతెనలు లేచెనని అంచనా. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమందలి హార్ట్‌లాండ్ వంతెన 1,282 అడుగుల పొడవుతో నేడు లోకమందలి కప్పువంతెనలలో కెల్ల దీర్ఘమైనది. 1901లో దానిని తెరచినపుడు కప్పు లేదు. ఇరువదియేండ్ల పిదప మరమ్మతు చేసినపుడే కప్పు వేసిరి. కప్పు అలంకారముగాక అనుభవము నేర్పిన పాఠమనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇక కనెక్టికట్ నది కడకు వత్తము. శీతకాలమున ఆ నది గడ్డకట్టును. వసంతారంభమున మంచు పగిలి, పెద్దపెద్ద మంచుబండలు వరదనీటిపై తేలివచ్చి, అడ్డమువచ్చినదాని నెల్ల ఢీకొనును. 1796లో ఈ తావున తొలివంతెన కట్టిరి, అది పోయెను. రెండవది కట్టిరి, అదియు పోయెను. మూడవదియు వరదపాలైన పిదప 1866లో నాలుగవసారి పూనుకొనినవారు క్లేర్‌మాంట్ వాస్తవ్యుడగు బీలా ఫ్లెచర్, కార్నిష్ వాస్తవ్యుడగు జేమ్స్ టాస్కర్ అను నిరువురు. టాస్కర్‌కు చదువను వ్రాయను రాదని చెప్పుదురు. అయినను కొయ్య యెంత బరువు మోయునో, ఎక్కడ వంగునో, ఎక్కడ విరుగునో ఆయన చేతికి తెలియును. కార్నిష్ పరిసరముల వాగులపై ఆయన తరువాత కట్టిన చిన్నవంతెనలు కొన్ని నేటికిని చెక్కుచెదరక యున్నవి.

ఈ యిరువురు అవలంబించిన పద్ధతి తమది కాదు. కనెక్టికట్ రాష్ట్రమున జన్మించి వాస్తుశిల్పిగా పేరొందిన ఇథియెల్ టౌన్ 1820లో హక్కుపత్రము పొందిన అల్లికపద్ధతి యది. బద్దలను ఏటవాలుగా నొకవరుస, దాని కెదురువాలుగా మరియొక వరుస పేర్చి, అవి దాటుకొను ప్రతితావున రంధ్రములు తొలిచి, గట్టికొయ్య చీలలు దిగగొట్టినచో గోడవంటి జాలకము సిద్ధించును. భారము ఒక్కచోట నిలువక అల్లికయంతట వ్యాపించును. ఒక బద్ద చెడినను తక్కినవి ఆ బరువును పంచుకొనును. దీనికి మహానిపుణుడైన వడ్రంగి యక్కరలేదు, మిక్కిలి పొడవైన దూలములు నక్కరలేదు, ఇనుము దాదాపు వలదు. కోతమిల్లులో దొరకు పలకలు, నాలుగు సాధారణపు చేతులు చాలును. కావున ఈ పద్ధతి ఊరూర వ్యాపించెను. టౌన్ మంచి వ్యవహారదక్షుడు. తన పద్ధతిని వాడుకొనువారు అడుగు కొక డాలరు చొప్పున రుసుము చెల్లింపవలెననియు, చెప్పక కట్టి పట్టుబడినవారు అడుగుకు రెండు డాలర్లు చెల్లింపవలెననియు నియమించెను.

ఫ్లెచర్, టాస్కర్‌లు ఆ పద్ధతి నొక యడుగు ముందునకు త్రోసిరి. రెండువందల యడుగుల ఖానాకు సన్నపలకలు చాలవని తలచి, వానికి బదులు చదరపు మొద్దుదూలములను గ్రహించి, అవి దాటుకొను తావులందు ఒకదానిలో నొకటి యొదుగునట్లు గాడులు కోసి బిగించిరి. సమీపమున నున్న పచ్చికబయలులో చట్రము నంతయు నేలపై పరచి, కొలిచి, కోసి, కూర్చి చూచి, పిదప విప్పి నదికడకు చేర్చి నిలిపిరి. అయిన వ్యయము 9,000 డాలర్లు.

డబ్బు పెట్టినది ప్రభుత్వము కాదు. అది యొక వ్యాపారసంఘపు సొత్తు. దాటినవా రందరు ఆశీలు చెల్లింపవలసినదే. వెర్మాంట్ కొండలయందు మేసిన గొఱ్ఱెలు, పశువులు బోస్టన్ సంతలకు మందలు మందలుగ నడచిపోవు దారి యది. ఆవలిగట్టున విండ్‌సర్‌లో 1777లోనే వెర్మాంట్ తన రాజ్యాంగమును స్వీకరించుకొనెను. ఈవలిగట్టున కార్నిష్‌లో ప్రసిద్ధశిల్పి ఆగస్టస్ సెయింట్-గాడెన్స్ 1885 నుండి నివాస మేర్పరచుకొనగా చిత్రకారులు, కవులు, నటులు వచ్చి చేరి యొక కళాకారుల వాడ యేర్పడెను. వారికి రైలుస్టేషను విండ్‌సర్‌లో నున్నది. అక్కడ దిగినవారు బండియెక్కి వంతెన దాటి కార్నిష్ చేరవలెను. మందలు తోలువాడును శిల్పాచార్యుడును ఒకే ద్వారమున ఆశీలు చెల్లించి ఒకే కప్పుక్రింద నడచిరి. ద్వారముపై నొక ప్రకటన పలక కలదు: గుఱ్ఱములను నడకమీదనే పోనిండు, లేనిచో రెండు డాలర్ల జరిమానా చెల్లింపుడు అని దాని భావము. చీకటి గూటిలో గుఱ్ఱము పరుగెత్తినచో ఎదురువచ్చువానికి ప్రమాదము. మందకు మంద ఒకే లయతో దౌడుతీసినచో చట్రమునకే యదురు. గుఱ్ఱములు పోయి మోటారులు వచ్చినను ఆ పలకను మాత్రము తీసివేయలేదు.

1936లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రము ఈ వంతెనను కొనెను. 1943లో ఆశీలు రద్దు చేసెను. రెండు రాష్ట్రముల నడుమ నున్న వంతెనను ఒక రాష్ట్రమే యేల కొనవలెనని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. దీనివెనుక నొక పాతతగవు కలదు. 1764లో ఇంగ్లండు రాజు ఇచ్చిన యుత్తరువు ప్రకారము న్యూ హాంప్‌షైర్ సరిహద్దు నదికి పడమటిగట్టు. ఆ గట్టన నేది, నీరు నిండినప్పటి యంచా, తగ్గినప్పటి యంచా, నది నడిగర్భమా యను వివాదము తరతరములు సాగి, తుదకు 1933లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, నీరు తగ్గినప్పటి పడమటియంచే సరిహద్దని తీర్పు చెప్పెను. అనగా నది దాదాపు పూర్తిగా న్యూ హాంప్‌షైర్‌ది. నదిపైనున్న వంతెనయు దాదాపు పూర్తిగా న్యూ హాంప్‌షైర్‌దే. గెలిచినవానికి నదితోబాటు మరమ్మతు ఖర్చును సంక్రమించెను! వెర్మాంట్‌వారు ఓడి లాభపడిరని చమత్కరించువారు గలరు. నా దృష్టిలో ఆ తీర్పువలన వంతెనకే మేలు జరిగెను. ఇది నాది యని ఒప్పుకొని జవాబు చెప్పు యజమాని యొకడున్న కట్టడమే బ్రదుకును. ఇరువురి యాస్తి కాలక్రమమున ఎవ్వరి బాధ్యతయు గాక పాడుపడుట లోకమున కొత్తగాదు.

అదే కాలమున తక్కిన కప్పువంతెనలకు గడ్డుదినములు వచ్చినవి. 1840లో విలియమ్ హవ్ కొయ్యచట్రమున ఇనుపకడ్డీలు చేర్చుటతో మొదలైన మార్పు, క్రమముగ పూర్తి ఇనుమునకును, ఉక్కునకును, కాంక్రీటునకును దారితీసెను. రైలు బరువు, తరువాత లారీ బరువు కొయ్యకు మించినవి. 1927 నవంబరు వరద వెర్మాంట్‌లో 1,200లకు పైగా వంతెనలను తుడిచిపెట్టెను. వాని స్థానమున లేచినవి చాలవరకు ఉక్కువంతెనలు. ఒకనాటి వేలలో నేడు ఆ దేశమున మిగిలినవి వేయికి లోపు. వెర్మాంట్‌లో నున్నవి దాదాపు నూరు.

కార్నిష్ వంతెన గౌరవములు పొందకపోలేదు. 1970లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘము దానిని చారిత్రక నిర్మాణముగ గుర్తించెను; 1976లో జాతీయ చారిత్రకస్థలముల పట్టికలో చేరెను. గౌరవపత్రములు దూలములను నిలుపవు గదా! బరువునకు కుంగి, వయోభారమున సడలి, 1987లో వంతెన రాకపోకలకు తగనిదై మూయబడెను. రెండేండ్లు మరమ్మతు జరిగెను. 44 లక్షల డాలర్లకు పైగా వ్యయమయ్యెను. సన్నపలకలను జిగురుతో నతికించి చేసిన నవీనపు దూలములను కొన్నిచోట్ల వాడిరి. పాతపద్ధతి వడ్రంగము నభిమానించువారు కొందరు దీని నాక్షేపించిరి. పాతకొయ్యకు పాతకొయ్యయే తగునని వారి వాదము. ఆ వాదమున సత్యము లేకపోలేదు. అయితే వారి మాట నక్షరాల పాటించి, లారీ కాదుగదా కారైన నెక్కరాని ప్రదర్శనవస్తువుగ దానిని మిగిల్చినచో, ఇరుగట్ల జనులు పదేండ్లలో ప్రక్కన నొక కాంక్రీటు వంతెన కట్టించుకొని దీనిని మరచియుందురు. వాడుకలో నున్నదానికి మరమ్మతుకై అడుగువారుందురు, వాడుక తప్పినదానికి సంస్మరణదినములే మిగులును. 1989లో వంతెన మరల తెరువబడెను.

నిర్లక్ష్యమునకు తోడు అగ్నియు జలమును కొయ్యకు శత్రువులు. న్యూ హాంప్‌షైర్‌లోనే 1993లో న్యూపోర్ట్ ఊరి కార్బిన్ వంతెనను దుండగులు తగులబెట్టిరి. మరుసటి యేడే ఊరివారు పాతపద్ధతిలోనే తిరిగి కట్టుకొనిరి. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరద వెర్మాంట్‌లో 1870 నాటి బార్టన్స్‌విల్ వంతెనను ఊడబెరికి కొట్టుకొనిపోయెను. దానికి మారుగ అదే తీరున కప్పువంతెననే ఊరివారు నిలుపుకొనిరి. ఒహాయోలో 2008లో 613 అడుగుల కొత్త కప్పువంతెన వెలయగా, దేశమున కెల్ల దీర్ఘమైన కప్పువంతెన యను బిరుదును కార్నిష్ దానికి విడువవలసివచ్చెను. కొయ్య పాతకాలపు సామగ్రి యని తేల్చిచెప్పువారు ఈ సంగతి గమనింపవలెను.

ఈ చరిత్రమువలన నాకు తోచిన సిద్ధాంత మొక్కటి. కట్టడముల యాయుర్దాయము నిర్ణయించునది అవి కట్టిన పదార్థము కాదు. ఏటేట వానికి జరుగు చిన్నమరమ్మతు. తొలి మూడు వంతెనలు కట్టినవారు అసమర్థులనుటకు ఆధారము లేదు. ఇది నిలిచినది, అవి పోయినవి. నిలుచుటకు హేతువులు మూడు: దిట్టమైన అల్లిక, దానిపై కప్పు, పగిలిన పలకను సకాలమున మార్చుచు వచ్చిన చేతులు. మొదటి రెండును 1866లోనే ముగిసినవి. మూడవది నేటికిని ముగియలేదు, ముగియరాదు.

శ్రోతలారా, ఆ దేశమున చదువుకొనుచున్న, ఉద్యోగములు చేయుచున్న మన తెలుగువా రనేకులు బోస్టన్ ప్రాంతమున నున్నారు. సెలవుదినమున కొండలను, ఆకురాలు కాలపు రంగులను చూడబోవునపుడు వారు ఈ వంతెనను గూడ దాటుదురు గాక. దాటునపుడు ఆ గోడల పైని అల్లికను, గాడులను, చీలలను నిలిచి పరికింతురు గాక. ఇక ఇక్కడ నున్న మనకు నొక మనవి. మన యూళ్ళయందును కొయ్యతో చేసిన రథములు, మండపముల ద్వారబంధములు, పాతయిండ్ల దూలములు, చెక్కడపు స్తంభములు ఎన్నో యున్నవి. అవి శిథిలమైనపుడు చందాలు పోగుచేసి కొత్తవి చేయింపబూనుట మనకు పరిపాటి. అంతకు ముందే, ఈ వానకాలము రాకమున్నే, వానిమీది కప్పు కారుచున్నదేమో ఒక్కసారి నిచ్చెనవేసి చూడుడు. కారుచున్నచో నాలుగు పెంకులు మార్పించుడు.